కార్డు మీద సంతకం లేదు

ఫైనల్ పరీక్షలు దగ్గర పడ్డాయి. "మంచి మార్కులొస్తే సెలవుల్లో కుక్కపిల్లను కొనిపెడతామన్నారు మేడం" అని మా ఐదో తరగతిలో ముగ్గురు పిల్లలు ఈ నెలలోనే నాతో చెప్పారు. వాళ్ల ముఖాలు చూసి సంతోషం వేసింది, వెంటనే భయం కూడా వేసింది. పోయిన వేసవిలో నేను చేసిన పొరపాటు మీతో చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

మా అక్క కొడుకు అప్పుడు ఒకటో తరగతి. పుట్టినరోజుకి కుక్కపిల్ల కావాలని ఏడాదిగా అడుగుతున్నాడు. "నేను కొంటాలే" అని మాటిచ్చాను. ఫోన్‌లో ఫోటోలు చూసి, విజయవాడలోనే ఇంట్లో కుక్కలను పెంచి అమ్మే ఒకాయన దగ్గరకి వెళ్లాను. లేత గోధుమ రంగు ల్యాబ్రడార్ పిల్ల. రెండు చేతుల్లో ఇమిడిపోయింది. "60 రోజులు మేడం. వ్యాక్సిన్ అయిపోయింది, నట్టల మందు అయిపోయింది, డాక్టర్ కూడా చూశాడు" అని గబగబా చెప్పి ఆయన ఒక కార్డు నా చేతిలో పెట్టాడు. తల్లి కుక్క ఏదంటే ఊళ్లో ఉందన్నాడు. నేను ఇంకేమీ అడగలేదు. 9 వేలు ఇచ్చి, రసీదు కూడా తీసుకోకుండా వచ్చేశాను.

మావాడు దానికి బ్రూనో అని పేరు పెట్టాడు. ఆ రాత్రి దాని పక్కనే పడుకుంటానని గొడవ. రెండో రోజుకే అది తిండి మానేసింది. మూడో రోజు తెల్లవారుజామున వాంతులు, ఆ తర్వాత రక్తంతో విరేచనాలు. ఆటోలో పశువుల ఆసుపత్రికి పరిగెత్తాం.

డాక్టర్ గారు దాని నోరు తెరిచి చూశారు. "60 రోజులని ఎవరు చెప్పారమ్మా? పాల పళ్లే ఇంకా పూర్తిగా రాలేదు. ఐదు వారాలు ఉంటాయేమో" అన్నారు. కార్డు తీసి ఇచ్చాను. వ్యాక్సిన్ స్టిక్కర్ అంటించి ఉంది. తేదీ లేదు. డాక్టర్ సంతకం లేదు, స్టాంపు లేదు.

పరీక్షలో పార్వో అని తేలింది. సెలైన్ ఎక్కించారు. రెండు రాత్రులు అక్కా నేనూ వంతులవారీగా మేలుకున్నాం. మూడో రోజు పొద్దున అది పోయింది. వైరస్ సోకాక లక్షణాలు కనపడటానికి సాధారణంగా 3 నుంచి 7 రోజులు పడుతుందనీ, మా ఇంటికి వచ్చేటప్పటికే దానికి జబ్బు ఉండి ఉంటుందనీ డాక్టర్ గారు చెప్పారు.

మావాడు ఏడవలేదు. "పిన్నీ, కొనేటప్పుడు డాక్టర్‌కి చూపించలేదా?" అని మాత్రం అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఏటా అడ్మిషన్ల సమయంలో మన స్కూల్ కౌంటర్ దగ్గర నేనే కూర్చుంటాను. బర్త్ సర్టిఫికెట్ లేకపోయినా, టీసీ మీద సంతకం లేకపోయినా ఫారం వెనక్కి ఇచ్చేస్తాను. మీలో కొందరు నా మీద విసుక్కునే ఉంటారు. అలాంటి నేను, ఒక ప్రాణాన్ని ఇంటికి తెచ్చుకునేటప్పుడు కార్డు తిప్పి కూడా చూడలేదు.

తర్వాత డాక్టర్ గారి దగ్గర కూర్చుని అన్నీ అడిగి తెలుసుకున్నాను. కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్ర ప్రభుత్వం 2017లో నిబంధనలు తెచ్చింది. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ చేయించుకోవాలి. ఆ 8 వారాల లెక్క ఊరికే పెట్టింది కాదు. తల్లి పాలు, తల్లి వెచ్చదనం, తోటి పిల్లలతో ఆట అన్నీ ఆ వయసులో కావాలి. ముందే విడదీస్తే ఒంటికీ మంచిది కాదు, స్వభావానికీ మంచిది కాదు.

"డాక్టర్ చూశాడు" అంటే నిజంగా ఏం చూడాలో కూడా అప్పుడే తెలిసింది. పళ్లను బట్టి వయసు, చిగుళ్ల రంగు, కళ్లు, చెవులు, స్టెతస్కోప్‌తో గుండె చప్పుడు, బొడ్డు దగ్గర హెర్నియా ఉందేమో, చర్మం మీద గోమార్లు, తామర, మలంలో నట్టలు. పార్వో మనుషులకు అంటదు. కానీ నట్టలు, తామర పిల్లలకు అంటుకోగలవు. కాబట్టి ఈ పరీక్ష కుక్క కోసమే కాదు, మన పిల్లల కోసం కూడా. ల్యాబ్రడార్ వంటి జాతుల్లో తుంటి కీళ్ల సమస్య వంశపారంపర్యంగా వస్తుంది. అది చిన్న పిల్లలో బయటపడదు, అందుకే తల్లీతండ్రుల సంగతి అడగాలి.

మొదటి వ్యాక్సిన్ 6 నుంచి 8 వారాల మధ్య వేస్తారు. అది ఒక్కటీ చాలదు. 16 వారాలు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకోసారి మళ్లీ వేయించాలి. మూడు నెలలకు రేబిస్ టీకా. దీన్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మానకూడదు. పాశ్చర్ 1885 జూలై 6న తొలి రేబిస్ టీకా వేశాడు. ఏటా ఆ రోజున మన పశుసంవర్ధక శాఖ ఆసుపత్రుల్లో కుక్కలకు ఉచితంగా ఈ టీకా వేస్తారు.

పార్వో వైరస్ ఇంట్లో, మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది. అందుకే నేలంతా బ్లీచింగ్‌తో కడిగించి ఆరు నెలలు ఆగాం. డిసెంబర్‌లో వేరే ఆయన దగ్గరకి మావాడిని కూడా వెంట తీసుకెళ్లాను. తల్లి కుక్క అక్కడే ఉంది, పిల్లలకు పాలిస్తోంది. మావాడు కార్డు అడిగి తీసుకుని, వేలు పెట్టి చదివాడు. "పిన్నీ, తేదీ ఉంది. సంతకం కూడా ఉంది. నువ్వొకసారి చూడు" అన్నాడు. "మా డాక్టర్‌కి చూపించాకే మిగతా డబ్బులిస్తాం" అంటే ఆయన మారుమాట్లాడకుండా ఒప్పుకున్నాడు. కాదన్నవాళ్ల దగ్గర కొనకూడదని మాకు డాక్టర్ గారు ముందే చెప్పి ఉన్నారు.

మీరు ఈ సెలవుల్లో కుక్కపిల్లను తెస్తుంటే పిల్లలను కూడా వెంట తీసుకెళ్లండి. కార్డు వాళ్లనే చదవమనండి. అటునుంచి అటే పశువైద్యుడి దగ్గరకి వెళ్లండి, ఇల్లు ఆ తర్వాత. జూన్‌లో స్కూల్ తెరిచాక ఆ ముగ్గురూ నాకు చెప్పాల్సిన కుక్కపిల్ల కబుర్లు చాలా ఉండాలి.

— ఐదో తరగతి ఇంగ్లిష్ టీచర్