కరీంనగర్ మేడ మీద ఎన్నీల ముచ్చట్లు

కరీంనగర్ పేరు చెప్పగానే మన ఆడవాళ్ళకి ముందుగా గుర్తొచ్చేది వెండి తీగ పని. వెంట్రుకంత సన్నటి తీగల్ని మెలిపెట్టి, అతికి అక్కడి పనివాళ్ళు చేసే కుంకుమ భరిణెలు, పన్నీరు బుడ్లు, పళ్ళేలు మీరూ పెళ్ళిళ్ళలో చూసే ఉంటారు. 2007లో ఆ పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ ఈసారి నేను చెప్పబోయేది వెండి గురించి కాదండీ... వెన్నెల గురించి!

వెన్నెలని ఆ వైపు 'ఎన్నీల' అంటారు. 2013లో కరీంనగర్ కవులు కొందరు 'ఎన్నీల ముచ్చట్లు' అని ఒక చక్కటి అలవాటు మొదలుపెట్టారు. పున్నమి రాత్రి ఎవరో ఒకరి ఇంటి మేడ మీద చేరడం, రాసుకొచ్చిన కవితలు చదువుకోవడం. వేదికా లేదు, శాలువాలూ లేవు. అలా చదివిన కవితల్ని తర్వాత పుస్తకాలుగా కూడా వేశారు. ఆ ముచ్చట చూసి ఊళ్ళో మామూలు వాళ్ళకీ ఉత్సాహం వచ్చింది. మా పెద్ద వదిన (మావారి అక్కయ్య) ఉండే వీధిలోనూ పదిమంది చేరి అలాగే పున్నమికి కలుసుకుంటున్నారు. వాళ్ళెవరూ పేరున్న కవులు కారు. పత్రికల్లో అచ్చయిన వాళ్ళు ఒకరో ఇద్దరో.

నేను కవితలు వినాలని వెళ్ళలేదు. నిజానికి నేను వెళ్ళిన పని వేరు. బ్యాంకులో పనిచేసి రిటైరైన అన్నయ్యగారు (వదినగారి భర్త) పోయి రెండేళ్ళయింది. పిల్లలిద్దరూ దేశంలో లేరు. "ఒక్కతే అంత ఇంట్లో ఏం చేస్తుంది? నువ్వెళ్ళి నచ్చజెప్పి అక్కయ్యని మనింటికి తీసుకొచ్చెయ్" అని మావారు పంపారు. నాకూ అదే మంచిదనిపించింది. మా సికింద్రాబాద్ ఇంట్లో ముందు గది ఖాళీ చేసి, కర్టెన్లు కూడా ఉతికి పెట్టి మరీ బయల్దేరాను.

పోయినేడు మాఘ పున్నమికి ముందు రోజు జూబ్లీ బస్ స్టేషన్‌లో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. 2023 డిసెంబరులో మొదలైన మహాలక్ష్మి పథకం పుణ్యమా అని ఆడవాళ్ళకి డబ్బు లేకుండానే టికెట్టు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు మాత్రం చేతిలో ఉండాలి. శామీర్‌పేట, సిద్దిపేట దాటి సుమారు నాలుగు గంటల ప్రయాణం. అల్గునూరు దగ్గర మానేరు వంతెన ఎక్కగానే ఊరొచ్చేసినట్టే.

వదిన తలుపు తీయగానే నేను గమనించింది ఆవిడ కళ్ళజోడు. నల్ల ఫ్రేము, పెద్ద అద్దాలు... అన్నయ్యగారిది! "నాకూ అదే నంబరొచ్చింది అమ్మాయ్, కొత్తది ఎందుకు దండగ?" అన్నారు నవ్వకుండా. నాకు గుండె కలుక్కుమంది. తప్పకుండా తీసుకెళ్ళిపోవాలి అని అప్పుడే గట్టిగా అనుకున్నాను. రాత్రి భోజనాలయ్యాక సంగతి కదిపితే "రేపు పున్నమి కదా, అదయ్యాక మాట్లాడుకుందాం" అని దాటేశారు.

మర్నాడు సాయంత్రం నుంచీ హడావుడే. ఈసారి వంతు వదిన మేడదేనట! మేడ కడిగి జంపఖానాలు పరిచాం. తినడానికి సర్వపిండి. దాన్నే ఆ వైపు 'సర్వప్ప' అని కూడా అంటారు. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, దంచిన పల్లీలు, నువ్వులు, ఉల్లిపాయ ముక్కలు, కరివేపాకు, కారం, ఉప్పు వేసి గట్టిగా కలిపి, నూనె రాసిన అడుగు మందం గిన్నెలో పల్చగా అద్దాలి. మధ్యమధ్య వేలితో చిల్లులు పెట్టి వాటిలో నూనె చుక్కలు వేసి మూతపెట్టి సన్న సెగమీద కాల్చాలి. తెనాలి వైపు పుట్టిన మా వదిన చెయ్యి ముప్పై ఏళ్ళలో ఎంత తిరిగిపోయిందంటే, నేను అద్దిన రెండూ విరిగాయి గానీ ఆవిడవి ఒక్కటీ విరగలేదు!

ఎనిమిదింటికి ఒక్కొక్కరే వచ్చారు. రిటైరైన హెడ్‌మాస్టరుగారు, జిరాక్స్ షాపు కుర్రాడు, నర్సింగ్ చదువుతున్న అమ్మాయి, బీడీలు చుట్టే ఒక పెద్దావిడ, బ్లౌజులు కుట్టే ముప్పై ఏళ్ళ ఆవిడ, ఇంకో నలుగురు. బల్బు ఆర్పేశారు. చంద్రుడు అప్పటికే కొబ్బరిచెట్టు పైకి వచ్చేశాడు. కాగితం మీద అక్షరం కనపడనివాళ్ళు సెల్‌ఫోను లైటు వేసుకున్నారు.

వాళ్ళ పద్ధతి నాకు చాలా నచ్చింది. ఒక్కొక్కరు ఒక్కటే చదవాలి. చదివాక వెంటనే చప్పట్లు కొట్టరు. "బాగుంది" అని ఊరుకోకూడదట. ఏ మాట దగ్గర మనసు ఆగిందో అది చెప్పాలి. తప్పులు రాసినవాళ్ళు అడిగితేనే చెప్పాలి. అడక్కపోతే లేదు. ఆఖర్న వచ్చే పున్నమి ఎవరి మేడ మీదో చెప్పుకుని లేవాలి. అంతే!

బ్లౌజులు కుట్టే ఆవిడ భర్త దుబాయిలో ఉన్నాడు. ఆవిడ తన కవితని కొలతలు రాసుకునే చీటీల వెనక రాసుకొచ్చింది. అందరి కొలతలూ తనకి గుర్తే గానీ, నాలుగేళ్ళ కిందట వెళ్ళిన మనిషి భుజం కొలత మర్చిపోయానని, పండక్కి చొక్కా కుడదామని కత్తెర పట్టుకుని అలాగే కూర్చున్నానని అందులో సంగతి. సగం చదివేసరికి గొంతు పూడుకుపోయింది. ఎవరూ తొందరపెట్టలేదు, ఓదార్చనూ లేదు. కాసేపాగి నర్సింగ్ అమ్మాయి పక్కకి జరిగి ఆ చీటీ అందుకుని మిగతాది చదివింది. హెడ్‌మాస్టరుగారు "ఆ కత్తెర కాడ మల్లొకసారి చదువు బిడ్డా" అన్నారు. ఈసారి ఆవిడే చదివింది, చివరిదాకా.

చదువుకున్నవాళ్ళూ చదువులేనివాళ్ళూ కలిసి కూర్చున్నచోట మామూలుగా ఒకరు చెప్పడం, ఇంకొకరు తలూపడం జరుగుతుంది. ఇక్కడ అలా లేదు. బీడీలు చుట్టే పెద్దావిడకి రాయడం రాదు. నోటితో కట్టుకొచ్చి చెబుతుంది, జిరాక్స్ కుర్రాడు రాసిపెడతాడు. "నా మాట నా మాట లెక్కనే రాయాలె" అని ఆవిడ ఆర్డరు!

తర్వాత మా వదిన వంతు. నాకు తెలియకుండానే నా చేతులు బిగుసుకున్నాయి. ఆవిడ అన్నయ్యగారి కళ్ళజోడు మీదే రాశారు. ఆ అద్దాల్లోంచి చూస్తే ఆయన రోజూ చదివిన పేపరు, ఆయన విసుక్కున్న కరెంటు బిల్లు, ఆయన చూసిన నా ముఖం ఎలా ఉండేవో ఇప్పుడు తెలుస్తోంది అని. డబ్బా అడుగున ఆయన నెరిసిన వెంట్రుక ఒకటి దొరికిందని. చివర్న మాత్రం నువ్వు లేని లోకం చీకటి అన్నట్టు రెండు పాదాలు పెద్ద పెద్ద మాటలతో ఉన్నాయి. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

వదిన కాగితం మడిచి, "ఏమన్నా ఉంటే చెప్పండి" అన్నారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు బ్లౌజులు కుట్టే ఆవిడ మెల్లిగా అంది... "అత్తమ్మా, ఆ ఆఖరి మాటలు సినిమాలల్ల ఇన్నయే గదా. డబ్బల ఎంటిక దొరికిందన్నరు సూడుండ్రి, ఆడికే ఆపుండ్రి. మాకు సమజైతది."

నాకైతే భయం వేసింది. భర్తపోయిన మనిషితో అలా అనొచ్చా అని! కానీ వదిన కళ్ళజోడు సర్దుకుని ఆ రెండు పాదాలూ మళ్ళీ చూసుకున్నారు. ఫక్కున నవ్వారు! "నిజమేనే, ఇది నేను రాసింది కాదు, ఎక్కడో విన్నదే" అంటూ పెన్సిలుతో రెండు గీతలు గీసేశారు. రెండేళ్ళలో వదిన నవ్వడం నేను వినడం అదే మొదటిసారి. ఫోనులో మేం ఎన్ని ఓదార్పు మాటలు చెప్పినా రాని నవ్వు అది.

మర్నాడు వదిన నన్ను ఆటోలో కురిక్యాల తీసుకెళ్ళారు. కరీంనగర్ నుంచి జగిత్యాల వైపు, గంగాధర మండలంలో ఉంది ఆ ఊరు. అక్కడ బొమ్మలగుట్ట అని రాతి గుట్ట. బండ మీద జైన తీర్థంకరుల బొమ్మలు, చక్రేశ్వరీ దేవి బొమ్మ చెక్కి ఉన్నాయి. వాటి కిందనే శాసనం. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లోనూ ఉంది. సుమారు క్రీ.శ. 945 నాటిది. అందులో తెలుగు కంద పద్యాలు మూడున్నాయి. మన సుమతీ శతకంలో పద్యాలన్నీ కందాలే కదా, ఆ కందమే. ఇప్పటిదాకా దొరికిన తెలుగు కందాల్లో ఇవే పాతవని పండితులంటారు. అంటే నన్నయగారి భారతానికి దాదాపు వందేళ్ళ ముందువి! 2008లో తెలుగుకి ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడు ఈ శాసనం కూడా సాక్ష్యంగా పనికొచ్చిందట.

ఇంతకీ అవి చెక్కించింది ఎవరనుకున్నారు? జినవల్లభుడు. వేములవాడ చాళుక్యుల ఆస్థానంలో ఉన్న పంప మహాకవికి తమ్ముడు. పంపడిని కన్నడంలో ఆదికవి అంటారు. అన్న గొప్ప కవి అని తమ్ముడు మూడు భాషల్లో రాయి మీద చెక్కించాడన్నమాట. నాకు ఆ అక్షరం ఒక్కటీ చదవడం రాలేదు. వదిన మాత్రం చేత్తో ఆ బండని తడుముతూ "చూశావా, ఈ నేల మీద ఒకళ్ళ రాతని ఇంకొకళ్ళు మెచ్చుకోవడం వెయ్యేళ్ళ నాటి అలవాటు" అన్నారు. వేయిపడగలు రాసిన విశ్వనాథవారు 1959లో కరీంనగర్ ప్రభుత్వ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా వచ్చిన సంగతీ, విశ్వంభర రాసిన సినారెగారు పుట్టిన హనుమాజీపేట ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోదేనన్న సంగతీ గుట్ట దిగుతూ ఆవిడే చెప్పారు. తెలుగులో మొదటి రెండు జ్ఞానపీఠాలూ వాళ్ళిద్దరివేగా!

గుట్ట కింద వేపచెట్టు నీడన కూర్చుని టిఫిన్ డబ్బా తీశాక నేను అసలు విషయం అడిగాను. వదిన తొణకలేదు. "మీ ఇంటికొస్తే నాకేం లోటుంటుందే? నా తమ్ముడు నన్ను కాలు కింద పెట్టనివ్వడు. కానీ నేను ఏడిస్తే మీరు ఊరుకోబెడతారు. వీళ్ళు ఊరుకోబెట్టరు. వింటారు. విని, ఇది ఉంచు, ఇది కొట్టెయ్ అంటారు. వచ్చే పున్నమికి ఏం తెస్తావని అడుగుతారు. నెలకొకసారి నన్ను అడిగే మనుషులున్నారు ఇక్కడ" అన్నారు.

ఆ రాత్రి మావారికి ఫోన్ చేసి, "అక్కయ్యగారు రారండీ. రానక్కర్లేదు కూడా" అని జరిగిందంతా చెప్పాను. మొదట విసుక్కున్నారు. కళ్ళజోడు కవిత సంగతి చెప్పాక చాలాసేపు మాట్లాడలేదు. "అయితే నెలకోసారి మనమే వెళ్దాం" అన్నారు చివరికి. ముందు గదిలో ఉతికిన కర్టెన్లు అలాగే ఉన్నాయి. సంక్రాంతికీ, వేసవికీ వదిన వచ్చి ఉండిపోతారు గానీ పున్నమికి మాత్రం అక్కడ ఉండాల్సిందే!

మనలో చాలామందికి పద్దుల పుస్తకం వెనక పేజీల్లో నాలుగు ముక్కలు రాసుకోవడం అలవాటు. ఎవరైనా చూస్తే నవ్వుతారని దాచేస్తాం. చూపిస్తే ఇంట్లోవాళ్ళు ప్రేమకొద్దీ "అబ్బో, బాగుంది" అనేసి టీవీ వైపు తిరుగుతారు. ఆ 'బాగుంది'తో రెండోది రాయబుద్ధి కాదు. "ఈ మాట దగ్గర నా మనసు ఆగింది" అని ఒక్కరు చెబితే చాలు, పది రాస్తాం. మెచ్చుకోవడమంటే పొగడడం కాదు, శ్రద్ధగా వినడం అని నాకు ఆ మేడ మీద తెలిసింది. మీ వీధిలోనూ నలుగురు కలిస్తే చాలండీ. ఒక చాప, ఒక గిన్నెడు సర్వపిండి, కాస్త ఓపిక... వెన్నెల ఎలాగూ ఉచితమే!

కరీంనగర్ వెళ్ళేవాళ్ళు ఎండలు ముదరకముందే, మాఘ ఫాల్గుణాల్లో పెట్టుకోండి. వేములవాడ రాజన్న దర్శనం, ఎలగందుల కోట, లోయర్ మానేరు డ్యామ్ దగ్గర సూర్యాస్తమయం తప్పక చూడండి. బొమ్మలగుట్టకి పొద్దున్నే వెళ్ళడం మేలు, రాయి కాలుతుంది. జారని చెప్పులు, మంచినీళ్ళ సీసా మర్చిపోవద్దు. శాసనం మీద పేర్లు గీకడం, సుద్దతో రాయడం పిల్లల్ని చేయనివ్వకండి. వెయ్యేళ్ళ కిందట తమ్ముడు అన్నకిచ్చిన మెప్పు అది, మన పిల్లల పిల్లలూ చూడాలి కదా!