ఇచ్చోడ దారిలో మా వంటిల్లు

వంట సామాను బండిలోనే పెట్టుకుని ఊళ్ళు తిరిగొద్దామని మీవారు అన్నారనుకోండి, మీరేమంటారు? నాకైతే ఒళ్ళు మండింది. ఏడాదికోసారి నాలుగు రోజులు పొయ్యి మొహం చూడకుండా ఉందామని నా ఆశ. ఆ పొయ్యే వెంట వస్తే ఇంక సెలవేముంది చెప్పండి?

కానీ మా అత్తగారికి షుగరు. హోటలు తిండి పడదు. అందుకే మా మరిది వ్యాను అడిగి తెచ్చారు. వెనక ఇద్దరు పడుకునే బల్ల, నీళ్ళ డబ్బా, చిన్న గ్యాసు పొయ్యి. మావారికి ముందు సీటే మంచం. మీరూ అలా వెళ్తే ఒక్క మాట: బండి కదిలే ముందు సిలిండరు కట్టేయండి, వంటప్పుడు తలుపులు బార్లా తీయండి.

మొదట నిర్మల్. కోట గోడలు చూశాక బొమ్మలు చేసేచోట చాలాసేపు నిలబడిపోయాం. తేలికైన పొనికి కర్రతో చేస్తారు. చింతగింజల జిగురులో రంపపు పొడి కలిపి అతుకులు పూడుస్తారు. మనం పారేసే చింతగింజలే! ఓ పళ్ళ బుట్ట కొన్నాను, నిజం పళ్ళలాగే ఉంది.

అక్కణ్ణుంచి మహబూబ్ ఘాట్. టేకు చెట్ల మధ్య మెలికలు తిరిగే దారి. నేరడిగొండ దగ్గర పక్కకు తిరిగితే కుంటాల. కడెం వాగు 147 అడుగుల పైనుంచి దూకే చోటు. పుష్యమాసం కాబట్టి ధార సన్నబడింది. మెట్లు చాలానే ఉన్నాయి, అత్తయ్య పైనే ఆగిపోయారు. కింది గుండంలో చాలామంది ప్రాణాలు పోయాయి, పిల్లల్ని నీళ్ళలోకి దిగనివ్వకండి.

చీకటి పడేసరికి ఇచ్చోడ. పెట్రోలు బంకు వాళ్ళనడిగి ఓ మూల బండి ఆపుకున్నాం. బజార్లో తెలుగు, గోండి, మరాఠీ, ఉర్దూ అన్నీ వినిపిస్తాయి. వంకాయలు కొని కూర వండాను, జొన్నరొట్టెలు చేశాను. మావారు హాయిగా రేడియో వింటూ కూర్చున్నారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పొగ లేని పొయ్యి ముందు!

మర్నాడు గుడిహత్నూరు మీదుగా కేస్లాపూర్ వెళ్ళాం, నాగోబా జాతరకు. ఏటా పుష్య అమావాస్యకు మెస్రం వంశం వాళ్ళు గిన్నెలు, గింజలు, పక్కబట్టలతో ఎడ్లబండ్లెక్కి కుటుంబాలతో సహా వస్తారు. ఇప్పుడు ట్రాక్టర్లు, జీపులూ ఉన్నాయనుకోండి. మనం కొత్తగా కనిపెట్టామనుకున్న బండి కాపురం వాళ్ళకు ఎన్నాళ్ళనాటిదో! కొత్తకోడళ్ళు తెల్లచీరలు కట్టుకుని దేవుడికి పరిచయమవుతారు, దాన్ని భేటింగ్ అంటారు. 2022లో ప్రారంభమైన రాతిగుడిని కూడా ఆ వంశం వాళ్ళే చందాలేసుకుని కట్టుకున్నారు.

నన్ను ఆపేసింది మాత్రం గోవాడ్‌లోని పొయ్యిలు. వేలమంది వచ్చినా పొయ్యిలు 22 మాత్రమే. ఒకరి తర్వాత ఒకరు, వంతులవారీగా వండుకోవాల్సిందే. గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న మా అత్తగారు వెనక్కి తిరిగి, "ఒరే, రేపు పొద్దున పొయ్యి నీ వంతు" అన్నారు కొడుకుతో.

మళ్ళీ ఇచ్చోడలోనే పడుకున్నాం. తెల్లారాక మావారు ఉప్మా చేశారు. ఉండలు కట్టింది, ఉప్పు తక్కువ. అత్తయ్యా నేనూ బల్ల మీంచి దిగకుండానే రెండోసారి వడ్డించమన్నాం.