తాగని మనిషికి లివర్ జబ్బా?

లివర్ జబ్బు అనగానే ఊరి చూపు ముందు సీసా మీదికే పోతుంది. అనంతపురం జిల్లాలో రిటైరైన ఓ పంతులుగారి విషయంలోనూ అదే జరిగింది. కాలేయంలో గడ్డ ఉందని తెలిసిన వారానికే ‘సారు కూడా చాటుగా పుచ్చుకునేవాడేమో’ అన్న మాట రచ్చబండ దాకా వచ్చింది. 35 ఏళ్లు బళ్లో పిల్లలకు మందు జోలికి పోవద్దని చెప్పిన మనిషాయన. భార్యకు జబ్బు కంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది.

హైదరాబాదులో డాక్టరు రక్తపరీక్ష కాగితం చూసి చెప్పాడు. హెపటైటిస్ బి. చాలా ఏళ్లుగా ఒంట్లో ఉండి ఉండాలి. పసితనంలో తల్లి నుంచి వచ్చిందో, ఒకే సూదితో పదిమందికి పొడిచిన రోజుల్లో వచ్చిందో ఇప్పుడు చెప్పడం ఎవరి తరమూ కాదు. “ఆయన ఏనాడూ మందు ముట్టలేదు సార్. మరి యాల వచ్చినట్టు?” అని ఆమె అడిగింది. ఆ ప్రశ్నకు జన్యువుల దగ్గర కొంత జవాబుంది.

ప్రతి కణంలోనూ మనిషి జన్యువుల రాత ఉంటుంది. కణం రెండుగా చీలేటప్పుడు ఆ రాతకు నకలు తీస్తుంది. వైరస్ వల్ల కాలేయం ఏళ్ల తరబడి వాచి ఉంటే కణాలు చస్తుంటాయి, కొత్తవి పుడుతుంటాయి, నకళ్లలో తప్పులు పేరుకుంటాయి. అదీ చాలక ఈ వైరస్ తన రాతముక్కను తెచ్చి మన రాతలోనే ఇరికిస్తుంది. లివర్ క్యాన్సర్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు టెర్ట్ అనే జన్యువు స్విచ్చులో ఉంటుంది. ఆ స్విచ్చు పడిందంటే కణానికి ముసలితనం రాదు. టీపీ53 అని ఇంకొకటుంది. అది కావలివాడు. రాత చెడిన కణాన్ని ఆపుతుంది, ఆగకపోతే చంపుతుంది. ఆ కావలివాడే చెడితే ఇక అడిగే దిక్కుండదు.

కావలివాడు ఎలా చెడతాడో తెలిసింది చైనాలో యాంగ్జీ నది సముద్రంలో కలిసేచోట, చీడాంగ్ అనే ప్రాంతంలో. 1991లో అక్కడి 16 మంది రోగుల గడ్డల్ని పరీక్షిస్తే 8 మందిలో టీపీ53 జన్యువులో సరిగ్గా ఒకేచోట, 249వ పదంలో, ఒకే అక్షరం మారి ఉంది. ఆ ఎనిమిదిలో ఏడుగురికి జి ఉండాల్సిన చోట టి! ఆ ఏడాదే ఆఫ్రికా దక్షిణ భాగపు రోగుల్లోనూ అదే తప్పు దొరికింది. దొంగ వేలిముద్ర వదిలి పోయినట్టు. దొంగ పేరు అఫ్లాటాక్సిన్. తేమ తగిలిన మొక్కజొన్న, వేరుశనగల మీద పెరిగే బూజు విషం. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజు మొక్కజొన్న తిని 106 మంది చనిపోతే, కారణం తేల్చింది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే.

వైరస్, విషం కలిస్తే ఏమవుతుందో 1994లో షాంఘై మగవాళ్ల మీద వచ్చిన అధ్యయనం చెప్పింది. రెండూ లేనివాళ్లతో పోలిస్తే, విషం ఒక్కటే ఉంటే ముప్పు 3.4 రెట్లు. వైరస్ ఒక్కటే ఉంటే 7.3 రెట్లు. రెండూ ఉంటే 59.4 రెట్లు!

పంతులుగారికి నాలుగెకరాల శెనక్కాయ చేనుంది. అయితే ఆయన గడ్డలో ఆ అక్షరం మారిందో లేదో ఎవరూ చూడలేదు. చికిత్సకు అవసరం పడలేదు. ఆయన అడిగింది “ఎంత కాలం?” అని. టీపీ53 చెడిన గడ్డలు సాధారణంగా మొండివి, త్వరగా తిరగబెడతాయి. బీటా క్యాటెనిన్ జన్యువు మారినవి కాస్త నెమ్మది అని కొందరంటారు, కాదని కొందరు. డాక్టర్లు నేటికీ ముందు చూసేది గడ్డ ఎంతుంది, ఎన్నున్నాయి, రక్తనాళంలోకి పాకిందా, మిగతా కాలేయం ఎంత పనిచేస్తోంది అన్నదే. ఆయనది ఒకే గడ్డ, చిన్నది. కోసి తీశారు.

అసలు కథ ఆ తర్వాత. ఇంటిల్లిపాదికీ రక్తపరీక్ష చేయమన్నారు. పెద్దకొడుక్కు వైరస్ ఉంది. కోడలు భయపడి మామ కంచం, గ్లాసు వేరుగా పెట్టింది. కంచంతో, గ్లాసుతో ఇది అంటదని డాక్టరు గట్టిగా చెప్పాక మళ్లీ కలిపింది. కొడుక్కు రోజూ ఒక మాత్ర, ఆరు నెలలకోసారి స్కానింగు. మనవడికి పుట్టిన రోజే టీకా పడింది. ఈ టీకాను 1997లో దేశంలోనే తొలిసారి తయారుచేసింది హైదరాబాదు కంపెనీ శాంతా బయోటెక్. అంతకుముందు దిగుమతి టీకా ధర మామూలు సంసారాలకు అందేది కాదు.

టీకా పడని పెద్దవాళ్ల మాటేమిటి? చీడాంగ్‌లో 1980ల్లో జనం మొక్కజొన్న మాని వరి అన్నానికి మారారు. రక్తంలో ఆ విషం జాడ తగ్గుతూ వచ్చింది. టీకాకు ముందే పుట్టినవాళ్లలో కూడా చిన్న వయసు లివర్ క్యాన్సర్ చావులు తగ్గాయి.

సీమలో శెనక్కాయలు ఏరేటప్పుడు నల్లబడ్డవీ, ముడుచుకుపోయినవీ వేరే కుప్ప పోస్తారు. ఆ కుప్ప చాలాచోట్ల దిబ్బలోకి పోదు. గానుగకు పోతుంది, చెక్కయి పశువుల తొట్టిలో పడుతుంది. వేయించినా ఉడికించినా ఆ విషం పూర్తిగా పోదు. పశువు తిన్నదాంట్లో కొంత పాలల్లోకి దిగుతుంది.