శుభలేఖలు పంచాక జాతకాలు

మన ఆఫీసుల్లో జరిగే స్ప్రింట్ ప్లానింగ్ చూస్తే నాకు శుభలేఖలు పంచేశాక జాతకాలు చూడటమే గుర్తొస్తుంది. రిలీజు తేదీ ముందే ఖాయం. అందులో ఏమేం వస్తాయో ఆన్‌సైట్ వాళ్ళు క్లయింటుకి చెప్పేసి ఉంటారు. ఇక మనం కూర్చుని ఇది మూడా, అయిదా, ఎనిమిదా అని కార్డులు చూపించడం దేనికో!

స్ప్రింటులోకి తీసుకున్న పనిని 'కమిట్‌మెంట్' అనడం స్క్రమ్ గైడు 2011లోనే మానేసి, 'ఫోర్‌కాస్ట్' అంది. వాతావరణ సూచన లాంటిదన్నమాట, వాన పడొచ్చు, పడకపోవచ్చు. 2020 గైడులో కమిట్‌మెంట్ మళ్ళీ వచ్చింది గానీ అది స్ప్రింట్ గోల్‌కి, టికెట్ల చిట్టాకి కాదు. మన దగ్గర మాత్రం ఆ చిట్టా ఇప్పటికీ తాంబూలాలు పుచ్చుకున్నంత పని.

మొన్న జనవరి స్ప్రింటే తీసుకోండి. ఆరుగురం, పది పనిదినాలు, కాగితం మీద 60. సంక్రాంతికి ముగ్గురు మూడేసి రోజులు సెలవు, 51. ఊరెళ్ళని ఒకబ్బాయి పూర్తిగా ప్రొడక్షన్ సపోర్టుకి, 41. అందులో మీటింగులు తీసేస్తే మిగిలేదెంతో మీకు నేను చెప్పాలా? మా మేనేజరు గారు మాత్రం "పోయినసారి 42 పాయింట్లు చేశాం, ఈసారి 45 లాగేద్దాం" అన్నారు. పాయింట్లు పెంచడం ఎంతసేపు? మూడుని అయిదంటే సరి, పని అంతే ఉంటుంది, వెలాసిటీ పెరుగుతుంది. (స్టోరీ పాయింట్లు బహుశా తనే కనిపెట్టి ఉంటానని, అదే నిజమైతే సారీ అని రాన్ జెఫ్రీస్ 2019లో రాసుకున్నాడు, పాపం.)

అసలు బాధ ఇది కాదు. జేమ్స్ గ్రెనింగ్ 2002లో రాసిన ప్లానింగ్ పోకర్‌లో కార్డులన్నీ ఒకేసారి తిప్పాలి, ఒకర్ని చూసి ఇంకొకరు మార్చుకోకుండా. అందరికన్నా ఎక్కువ, తక్కువ చెప్పినవాళ్ళు కారణం చెప్పాలి. సరుకంతా ఆ కారణంలోనే ఉంటుంది, అంకెలో ఏముంది?

ఆ రోజు పేమెంట్ గేట్‌వే స్టోరీకి మా లీడు 3 చూపించాడు. టీములోకి కొత్తగా వచ్చిన అమ్మాయి 13 చూపించింది. "ఏంటమ్మా 13? కాపీ పేస్టే కదా!" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ పిల్ల "సరే అన్నా, 5" అంది. ఎందుకు 13 అన్నావని అడిగేలోపే మేనేజరు గారు తర్వాతి టికెట్ తెరిచేశారు. సంగతేంటంటే, టెస్టింగుకి అవతలి కంపెనీ నుంచి సర్టిఫికెట్టు రావాలి. అది ఎప్పుడొస్తుందో మన చేతుల్లో లేదు. ఎనిమిదో రోజున వచ్చింది. శని, ఆదివారాలు రెండూ ఆ అమ్మాయి లాప్‌టాప్ ముందే. పైగా రెట్రోలో తన పేరు పక్కన 'ఎస్టిమేషన్ మెరుగుపరుచుకోవాలి' అని రాశారు!

నాకు ఒళ్ళు మండింది. "తను 13 అంది సర్. మనమే 5 చేయించాం. కారణం విని ఉంటే సర్టిఫికెట్టు వచ్చేదాకా ఆ స్టోరీ ముట్టుకునేవాళ్ళమే కాదు" అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆ లైను తీసేశారు.

ఆ తర్వాత నుంచి మా లీడు అందరి కారణాలూ విన్నాకే తన అంకె చెప్తున్నాడు. నిన్నటి ప్లానింగులో ఆ అమ్మాయి మళ్ళీ 13 చూపించి, ఎవరూ అడక్కుండానే ఎందుకో చెప్పింది. ఆ స్టోరీ పక్కన పెట్టాం. టార్గెట్ మాత్రం ఈసారి 48 అట.