శుభం కార్డు పడ్డాక...

సినిమాలో హీరో గెలవగానే శుభం కార్డు పడుతుంది. మనం లేచి బైటికి నడుస్తాం. ఆ తర్వాత హీరోగారు ఏమైపోయారన్నది మనకి పట్టదు!

2014లో డిస్నీ వారి ‘మిలియన్ డాలర్ ఆర్మ్’ వచ్చింది. సంగీతం ఎ.ఆర్. రెహమాన్. కథ నిజంగా జరిగిందే. రింకూ సింగ్, దినేష్ పటేల్ ఉత్తరప్రదేశ్ పల్లెటూరి కుర్రాళ్ళు. ఈటె విసరడం తప్ప బేస్‌బాల్ ఊసే ఎరగరు. 2008లో ఓ టీవీ పోటీలో నెగ్గి అమెరికా వెళ్ళారు. రింకూకి బహుమతి లక్ష డాలర్లు! ఆ ఏడాది చివర్లోనే పిట్స్‌బర్గ్ పైరేట్స్ వారు ఇద్దరితోనూ ఒప్పందం రాసుకున్నారు. శుభం!

ఈ సినిమా మా మేనల్లుడికి చూపించాను. జీడిమెట్ల పారిశ్రామికవాడలో షిఫ్టు డ్యూటీ, ఆదివారం ఫాస్ట్ బౌలింగు - అదీ వాడి లోకం. ఉద్యోగం మానేసి క్రికెట్టే నమ్ముకుంటానని ఇంట్లో పేచీ. సినిమా అయ్యాక వాడడిగింది ఒకటే - “బావుంది మామయ్యా, మరి తర్వాత ఏమయ్యారు?”

అసలు కథ అక్కడే మొదలవుతుంది మరి!

ఆ ఒప్పందం పెద్ద జట్టులో చోటు కాదు. ఒక్కో పెద్ద జట్టు కింద మెట్లమెట్లుగా చిన్న జట్లు ఉంటాయి. దాన్నే మైనర్ లీగ్ అంటారు. చిన్న ఊళ్ళు, చిన్న జీతాలు, గంటలకొద్దీ బస్సు ప్రయాణాలు. బాగా ఆడితే పై మెట్టు, లేకపోతే ఇంటికి. 2009 జులైలో రింకూ మొదటి మ్యాచ్ ఆడాడు. ఆ నెల్లోనే ఓ గెలుపు కూడా అతని ఖాతాలో పడింది. అమెరికా ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో ఒక భారత పౌరుడికి దక్కిన మొదటి గెలుపు అదే. దినేష్ ప్రయాణం మాత్రం 2010తో ఆగింది. ఇండియాకి తిరిగొచ్చి మళ్ళీ ఈటె పట్టాడు.

రింకూ ఇంకా ఏళ్ళతరబడి అక్కడే ఉన్నాడు. మన బౌలరు పరుగెత్తుకొచ్చి చెయ్యి చాచి వేస్తాడు. పిచ్చరు మాత్రం నిలబడ్డ చోటునుంచే మోచెయ్యి వంచి విసరాలి. ఆ విసురుకి చేతులు తట్టుకోవడం కష్టం. గాయాలు రింకూనీ వెంటాడాయి. పెద్ద లీగులో ఒక్క బంతి వెయ్యకుండానే అతని బేస్‌బాల్ ముగిసింది. 2018లో కుస్తీల కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈలో చేరి ‘వీర్ మహాన్’ అయ్యాడు.

మరి అతను ఓడిపోయినట్టా? నేనలా అనుకోను. చూసేవాళ్ళు లేని మైదానాల్లో కూడా, రేపు పిలుపొస్తుందన్న ఆశతో రోజూ బంతి విసరడం మాటలు కాదు. సినిమా తీసింది అతనికి అదృష్టం తలుపు తట్టిన రోజుల గురించి. అతని గొప్పతనం మాత్రం తర్వాతి ఏళ్ళలో ఉంది.

మేనల్లుడికి ఉద్యోగం మానెయ్యమనీ చెప్పలేదు, మానొద్దనీ చెప్పలేదు. “చప్పట్లు లేకుండా అన్నేళ్ళు ఆ బస్సులో కూర్చోగలవట్రా?” అని మాత్రం అడిగాను.

ఆలోచించి చెబుతానన్నాడు. ఇప్పటికైతే షిఫ్టూ మానలేదు, బౌలింగూ మానలేదు.