కొలిమి దగ్గిర పుట్టిన ప్రశ్న

పిల్లలూ, 1986లో నేనొక చిన్న ఊళ్ళో సైన్సు మాస్టరుగా ఉండేవాణ్ణి. నా క్లాసులో ఒక కుర్రవాడు ఉండేవాడు. వాళ్ళ నాన్నకు ఊరి చివర కొలిమి ఉన్నది. ఒకనాడు వాడు లేచి ఇలా అడిగాడు:

“మాస్టారూ, మా నాన్న ఎర్రగా కాల్చిన ఉలిని నీళ్ళలో ముంచితే గట్టిపడుతుందండీ. కాని దెబ్బ తగిలితే పుటుక్కున విరుగుతుంది. బూడిదలో పెట్టి మెల్లిగా చల్లారిస్తే విరగదు గాని, మొన వంగిపోతుంది. చన్నీళ్ళలో కాక, బాగా వేడిగా ఉన్నదాంట్లో ముంచి అలాగే ఉంచితే ఏమవుతుందండీ?”

నేను ఆలోచించకుండానే, “ఏమవుతుంది? పటికబెల్లం చూశావా? పాకం మెల్లిగా చల్లారితే పలుకులు పెద్దవవుతాయి. ఉక్కూ అంతే. ఎంత ఆలస్యమైతే లోపలి పలుకులు అంత పెద్దవి. కూర్చో!” అన్నాను. వాడు కూర్చున్నాడు.

నేను చెప్పింది తప్పు. ఆ సంగతి, హెడ్మాస్టరుగా రిటైరై తీరికగా పుస్తకాలు చదవటం మొదలుపెట్టాకగాని నాకు తెలియలేదు. వాడు అడిగిన ప్రయోగాన్నే 1930లో అమెరికాలో డావెన్‌పోర్ట్, బెయిన్ అనే ఇద్దరు చేసి చూశారు. చిన్న ఉక్కు ముక్కలను ఎర్రగా కాల్చి, కరిగిన లోహంలో ముంచి, వేడి తగ్గకుండా, పెరగకుండా ఉంచారు. సుమారు 550 డిగ్రీలకూ 250 డిగ్రీలకూ మధ్య ఉక్కులో ఒక కొత్త నేత ఏర్పడింది. దానికి తరువాత బెయినైట్ అని పేరు వచ్చింది. ఇద్దరు చేసిన పనికి ఒక్కరి పేరే పెట్టటం నాకు నచ్చలేదనుకోండి.

ఎర్రగా కాలిన ఉక్కులో ఇనుప పరమాణువులు ఒక తీరున పేర్చినట్టుంటాయి. చల్లబడితే వేరొక తీరుకు మారాలని చూస్తాయి. మారకముందు ఉన్నదాన్ని తల్లి ఉక్కు అందాం. దాని లోపల బెయినైట్ సన్నని పలకలుగా పుడుతుంది. పటికబెల్లం పలుకు చుట్టూ ఉన్నది పాకం. అది అడ్డు చెప్పదు. ఈ పలక మాత్రం గట్టి ఉక్కు లోపలే చోటు చేసుకోవాలి! వేడి తక్కువైనకొద్దీ తల్లి ఉక్కు మరింత బిగుసుకుంటుంది. అందుచేత పలక లావెక్కలేదు. అయితే ఆ కొద్ది వేడిలో పరమాణువులకు చురుకుతనం ఉండదు గనక, పలకలు పుట్టటానికే చాలా కాలం పడుతుంది. చూశారా? పని నిదానం, నేత సన్నం. రెండింటికీ కారణం తక్కువ వేడే. నా పటికబెల్లం ఇక్కడ తలకిందులైంది.

ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో భదేషియా అనే ఆచార్యుడూ, ఆయనతో పనిచేసినవారూ దీన్ని ఎంతదూరం తీసుకుపోయారో వినండి. నూటికి ఒక పాలు కర్బనం ఉన్న ఉక్కును 200 డిగ్రీల వద్ద పది రోజులు ఉంచారు. 200 డిగ్రీలంటే వంటింటి నూనెమూకుడు వేడి! పలకల మందం 20 నుంచి 40 నానోమీటర్లు వచ్చింది. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షలవ వంతు. మన తలవెంట్రుక మందంలో అలాటి పలకలు వెయ్యికి పైగా పడతాయి. ఆ ఉక్కులో కొంచెం సిలికాన్ కూడా వేశారు. లేకపోతే పెళుసైన కర్బన సమ్మేళనం ఏర్పడి ఉక్కును చెడగొడుతుంది. మాంగనీసు, క్రోమియం ఈ మార్పును ఆలస్యం చేస్తాయి. కోబాల్టు, అల్యూమినియం తొందరపెడతాయి.

అంతటితో ఊరుకోలేదు. మామూలు గది వేడిలోనే మారే ఉక్కును లెక్కకట్టి తయారుచేశారు. అది మారటానికి నూరేళ్ళు పడుతుందట! నునుపుగా మెరుగుపెట్టిన ఒక ముక్కను లండన్ సైన్సు మ్యూజియంలో ఉంచారు.

కిందటి వేసవిలో ఆ కుర్రవాణ్ణి వెతుక్కుంటూ వెళ్ళాను. ఇప్పుడతను తల నెరిసిన మనిషి, లేతు మిషన్ల షాపు యజమాని. “నువ్వు అడిగింది మంచి ప్రశ్న. నేనే తప్పు చెప్పానోయ్,” అన్నాను.

అతను నవ్వి, “ఆ రోజు సాయంత్రం మా నాన్నను అడిగానండీ. కాగిన నూనెలో ముంచి చూద్దామన్నాడు. మా అమ్మ నూనె ఇవ్వలేదు,” అన్నాడు.

అతని మనుమరాలు మా మాటలు వింటున్నది. లండన్‌లోని ముక్కను తీసి చూసేనాటికి తన వయస్సెంత ఉంటుందో వేళ్ళమీద లెక్కపెట్టటం మొదలుపెట్టింది. వేళ్ళు చాలక, నా చెయ్యి కూడా పట్టుకున్నది.