మరుభూమి మన్ను

ఎడారి యనగానే మనలో ననేకులకు మొదట తోచునది యిసుక. ఇసుక, ఎండ, ఒంటె: ఈ మూటితో ఆ ప్రసంగము ముగియును. సంస్కృతము చదివినవారికి మరుభూమి మృగతృష్ణకు పుట్టినిల్లు. ఇంగ్లీషు చదివినవారు ‘డెజర్టు’ అను మాటకు మూలమును వెదకినచో, ‘విడిచిపెట్టబడిన చోటు’ అను లాటిన్ పదము కనబడును. మేము రెండు భాషలను కొంతకొంత చదివినవారము. రెండును ఆ నేలను దూరమునుండి చూచి పేరు పెట్టినవే గాని, త్రవ్వి చూచి పెట్టినవి కావని మాకు తోచుచున్నది.

నేలకు పెట్టిన పేరు వట్టి మాట కాదు. ‘మాగాణి’ యన్నచో నీరు పెట్టుదుము. ‘మెట్ట’ యన్నచో వానకై కనిపెట్టుదుము. ‘బంజరు’ అన్నచో చేతులు దులుపుకొందుము. పేరు తప్పినచో నడవడియు తప్పును. కావున ఎడారిలోని పచ్చిక బయళ్ల మన్నును శాస్త్రజ్ఞులు ఎట్లు పరీక్షించిరో, ఎట్లు వర్గములుగా విభజించిరో, అందువలన మనము నేర్చుకొనదగిన దేమో యీ వ్యాసమున విన్నవింపదలచితిమి.

ఇందుకు మేము ఎంచుకొన్న చోటు అమెరికా సంయుక్తరాష్ట్రములలో న్యూ మెక్సికో యందలి హోర్నాదా మైదానము. అది లాస్ క్రూసెస్ పట్టణమునకు ఉత్తరముగా నున్నది. రియో గ్రాండే నదిని విడిచి అడ్డముగా పోవు ఆ నీరులేని దారికి స్పెయిను దేశస్థులు ‘చచ్చినవాని ప్రయాణము’ అను నర్థము వచ్చు పేరు పెట్టిరి. అచ్చట సాలీన వాన సుమారు 250 మిల్లీమీటర్లు. అందులో సగమునకు పైగా జూలై మొదలు సెప్టెంబరు వఱకు కురియును. 1912లో అచ్చటి ప్రభుత్వము పశువుల మేతను గూర్చి పరిశోధించుటకై దాదాపు రెండు లక్షల యెకరములను ప్రత్యేకించెను. పిమ్మట 1957 మొదలు 1972 వఱకు లీలండ్ గైల్ మొదలగు మృత్తికాశాస్త్రజ్ఞులు ఆ ప్రాంతమున కందకములు త్రవ్వించి, వాని గోడలను పొరపొరగా పరీక్షించిరి. మేము ఆ దేశమును చూచినవారము గాము. వారి శ్రమఫలమును చదివి సంతోషించినవారము మాత్రమే.

పైనుండి చూచినచో అచ్చట గులకఱాళ్లు, పొదలు, నడుమనడుమ గడ్డి దుబ్బులు. త్రవ్వినకొలది కథ మాఱును. పైపొర పలుచన, లేతరంగు. కుళ్లిన ఆకు అలముల పాలు అందు మిక్కిలి తక్కువ. దాని క్రింద పెక్కుచోట్ల ఎఱ్ఱని బంకమన్ను పొర కలదు. ఈ బంక చాలవఱకు నేటి వానలకు దిగినది కాదు. ఇప్పటికంటె తేమ యెక్కువగా నుండిన ప్రాచీనకాలమున సన్నని రేణువులు నీటితో కూడ క్రిందికి జాఱి పేరుకొన్నవి. దానికిని క్రింద తెల్లని సున్నపు పొర. దానిని ఆ దేశమువారు ‘కలీచే’ యందురు. ఉత్తర హిందూస్థానమున ‘కంకర్’ అని పిలువబడు సున్నపు గడ్డ దానికి జ్ఞాతి.

ఈ సున్నము ఎక్కడిది? అడుగునున్న ఱాతినుండి వచ్చెనని తలచుట సహజము. కాని అడుగున సున్నపుఱాయి లేనిచోట్లను ఆ పొర కనబడినది. గాలిలో కొట్టుకొని వచ్చు దుమ్మును, వాననీటిలో కరగిన కాల్షియమును దానికి ముఖ్యాధారములని పరిశోధకులు తేల్చిరి. వాన కొంచెము కనుక నీరు లోతునకు పోజాలదు. కొన్ని యడుగులు దిగి ఎండిపోవును. అది మోసికొనిపోయిన సున్నము అచ్చటనే నిలుచును. పండుగ పండుగకును సున్నము కొట్టిన పాతయింటి గోడపై పొరమీద పొర పేరుకొనుట మనము చూడలేదా? ఇదియు నట్టిదే.

1966లో గైల్, పీటర్సన్, గ్రాస్మన్ అను మువ్వురు ఈ పేరుకొనుటకు నాలుగు దశలను చెప్పిరి. మొదటి దశలో గులకఱాళ్లకు సన్నని తెల్లపూత. రెండవ దశలో ఆ పూత దట్టమై ఱాళ్ల సందులలోనికి ప్రాకును. గులకలేని మన్నులో గడ్డలు గట్టును. మూడవ దశలో సందులన్నియు పూడి పొర యంతయు నేకమగును. నాలుగవ దశలో నీరు దిగ దారిలేక, ఆ పొర నెత్తిపై సున్నము పలకలు పలకలుగా గట్టిపడును. మొదటి దశకు వేలయేండ్లు చాలవచ్చును. కడపటి దశకు లక్షలయేండ్లు పట్టుట కలదు. మనము ‘ఏమియు లేదు’ అన్న చోట కాలము ఇంత పని చేసియున్నది.

ఇట్టి మన్నులకు పేరు పెట్టుటకై అమెరికావారు 1975లో ‘సాయిల్ టాక్సానమీ’ యను గ్రంథమును ప్రకటించిరి. ఆ పద్ధతిలో ఇప్పుడు నేలలన్నియు 12 గణములు. ఎడారి నేలలలో ముఖ్యమైన గణము ‘అరిడిసాల్’. దానికి 7 ఉపగణములు: కడు చలినేలలు, ఉప్పునేలలు, సిలికాతో గట్టిపడినవి, జిప్సము గలవి, బంక దిగినవి, సున్నము పేరుకొన్నవి, స్వల్పముగా మాత్రమే మాఱినవి. సంస్కృతము చదివినవారికి ఈ పేర్లు భయము గొలుపవు. ‘కాల్సియార్జిడ్’ అను దానిని చూడుడు. ఇది సమాసము, తత్పురుషమునందు వలె కడపటి పదమే ప్రధానము. చివరి ‘ఇడ్’ పొడినేల యనియు, నడిమి ‘ఆర్జ్’ బంకపొర కలదనియు, మొదటి ‘కాల్సి’ సున్నము పేరుకొన్నదనియు విగ్రహవాక్యము చెప్పుకొనవచ్చును. బంకమన్నును తెలుపు ఆ నడిమి మాట తెల్లదనమును తెలుపు ప్రాచీన ధాతువునుండి పుట్టినది. మన ‘అర్జున’ శబ్దమునకును అదియే మూలము.

ఈ పద్ధతిలో మాకు నచ్చిన దొకటి గలదు. 1938 నాటి విభజనము ‘ఎఱ్ఱ ఎడారి నేల’ యనియు, ‘ఎడారి నేల’ యనియు శీతోష్ణములను, రంగును, పుట్టుకను గూర్చిన ఊహను ముందిడుకొని పేర్లు పెట్టెను. నేటిది ఆ నేలయందు నిజముగా నేమున్నదని యడుగును. గొయ్యి త్రవ్వవలెను, పొరలను కొలువవలెను, మన్నును తడిపి వ్రేళ్లతో నలిపి చూడవలెను, ఆమ్లపు బొట్టు వేసి పొంగునేమో కనిపెట్టవలెను. అటుపిమ్మటనే పేరు. పుట్టుకను బట్టి పేరును, పైరంగును బట్టి తరగతియు నిర్ణయించుట మనుష్యులలో ఎంత కీడు చేసినదో ఈ పత్రిక చదువరులకు మేము చెప్ప నక్కఱలేదు. మన్ను విషయమున శాస్త్రజ్ఞులు విడిచిన యలవాటును మనుష్యుల విషయమున మనమింకను పట్టుకొని వ్రేలాడుట చింతింపదగినది.

త్రవ్వి చూచుటవలని లాభమునకు ఒక నిదర్శనము. ఱాయివలె గట్టిపడిన సున్నపు పొర గలచోట వేరు దిగదు కావున ఆ నేల నిరుపయోగమని యెవరైనను తలతురు. పరీక్షింపగా ఆ పొరయే వాననీటిని పీల్చి దాచుకొని, పైరు వేళ్లకు మెల్లమెల్లగా అందించునని తేలినది. బ్లాక్ గ్రామా యను మంచి మేతగడ్డి కఱవులకు తాళి నిలుచుటకు ఆ నీరు తోడ్పడును.

అట్టి గడ్డిబయలే అచ్చట కనుమఱుగయ్యెను. 1858 నాటి సర్వే వ్రాతలను పరిశీలింపగా, ఆనాడు నేలలో పదింట తొమ్మిది పాళ్లకు పైగా మంచి గడ్డి యుండెననియు, 1963 నాటికి అది నాలుగవపాలునకు లోబడెననియు తెలిసినది. పశువులను మితిమీఱి మేపిరి, కఱవులు వచ్చెను, మెస్కీట్ కాయలను తిన్న పశువులు గింజలను నలుదెసల వెదజల్లెను. గడ్డి పోగా పొదలు లేచినవి. సారము పొదల మొదళ్లయందే చేరినది. నడుమనున్న బట్టనేల గాలికి లేచిపోయి పొదలచుట్టు దిబ్బలయ్యెను. తరువాత కంచెలు వేసి పశువులను తొలగించినను పెక్కుచోట్ల గడ్డి తిరిగి రాలేదు. లక్షలయేండ్లు చేసిన కూర్పును చెఱచుటకు ఒక నూఱేండ్లు చాలెను.

ఈ కథ మనకు దూరము కాదు. మెస్కీట్‌కు సోదరియైన చెట్టు మన యూళ్లలో ‘సర్కారు తుమ్మ’ పేర పెరుగుచున్నది. 1870 దశకమున మద్రాసు రాజధాని అటవీశాఖవారు కడప జిల్లాలో దానిని నాటించిరి. వంటచెఱకునకు అది యుపకరించిన మాట నిజమే; మేతబయళ్లను, చెఱువులను ఆక్రమించిన మాటయు నిజమే. మఱియొకటి. తెలుగు రైతు ‘రేగడ’ యను మాటయే ‘రెగర్’ అయి ప్రపంచ మృత్తికాశాస్త్రమున నల్లనేలకు పేరైనది. చౌడు, గరుసు, రేగడ, దువ్వ అని చేతితో తాకి పేరుపెట్టిన జాతి మనది. అట్టి మనము కాగితముపై ‘బంజరు’ అను నొక్క మాటతో తృప్తి చెందుట తగునా?

మా పాఠశాల వెనుక నొక బీడు కలదు. ఇటుకల బట్టీకై దాని మన్ను తీయుటకు ఇయ్యవలెనని యొక ప్రస్తావము వచ్చినది. అది వ్యర్థభూమి కావున నష్టము లేదని వారి వాదము. మేము పిల్లలచేత అచ్చట రొమ్ములోతు గొయ్యి త్రవ్వించితిమి. పైన జానెడు ఎఱ్ఱ గరుసు, దాని క్రింద మూరెడు బంక, అడుగున తెల్లని గడ్డలు. వానిపై నిమ్మరసము పిండగా బుసబుస పొంగెను. చూడవచ్చిన వృద్ధుడగు గొఱ్ఱెలకాపరి, “ఆ తెల్లమన్ను పైకి తేలితే ఇంక గడ్డి రాదు, అయ్యవారూ. మన్ను తీసినారంటే మా మందలు యాడికి పోవాల?” అనెను. ఒక బాలిక, “బంజరని వ్రాసినవారు త్రవ్వి చూచి వ్రాసినారా?” అని యడిగెను. ఆ ప్రశ్ననే మేము గ్రామసభలో నుంచితిమి. ఆ ప్రస్తావ మింకను తేలలేదు; గొయ్యిని మాత్రము పూడ్పించలేదు. సభకు వచ్చువారు దారిలో దానిని చూచి రావలెనని మా కోరిక.

చదువరులకు మా విన్నపము స్వల్పము. మీ యూరిలో ‘పనికిరాని నేల’ యని పేరుపడినది ఏదైన నున్నచో, పిల్లలను వెంటబెట్టుకొని, ఒక పలుగును, ఒక నిమ్మకాయను తీసికొని పొండు. త్రవ్విన పొరలను వరుసగా ఒక కాగితముపై వ్రాయుడు. దానిపై పశువులను మేపువారిని పిలిచి వారు చెప్పునదియు వ్రాయుడు. ఆ కాగితమును పంచాయతీలో చదివింపుడు. పేరు పెట్టుట అటుతరువాతి పని.